బావగారి సైకిల్ స్టాండు బిళ్ళలు

అక్కయ్యకు నీ తమ్ముడు నమస్కరించి రాసుకునేది.

ఇక్కడ నేను, మా సరళ, అల్లుడు రాములు ముగ్గురమూ క్షేమం. ఉత్తరాల్లో ఈ మాట చేయి అలవాటుగా రాసుకుంటూ పోతుంది. ఈసారి మాత్రం పొద్దున్నే ముగ్గురినీ కళ్ళారా చూసుకుని మరీ రాస్తున్నాను. ఎందుకో కిందికి వెళ్తే తెలుస్తుంది. ముందే కంగారుపడి చివరి పేజీ తిప్పకు, నీకా అలవాటు ఉంది. అందరం బాగానే ఉన్నాం.

నీ మోకాళ్ళు ఈ వానలకు ఎలా ఉన్నాయి? బీపీ మాత్ర రోజూ వేసుకుంటున్నావా, లేక మర్చిపోయిన రోజుది మర్నాడు కలిపి వేసుకుంటున్నావా? అలా వేసుకోకూడదట, ఇక్కడి దవాఖానాలో నర్సమ్మను అడిగి తెలుసుకున్నాను. బావ ఫోటో మేకు వదులైందని పోయిన నెల చెప్పావు. ఎవరిచేతైనా కొట్టించు. బతికున్నప్పుడు ఎవరు చెప్పినా అంగుళం కదలని మనిషి, ఇప్పుడు గోడ మీద నుంచి జారితే బాగుండదు. పరిహాసం ఆడుతున్నానని కోపం తెచ్చుకోకు. బావకూ నాకూ సైకిల్ దగ్గర వచ్చిన తగవు నువ్వింకా మనసులో పెట్టుకున్నావని నాకు తెలుసు. ఆ సంగతి మీద ఒక మాట చెప్పాలనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. కాని నేరుగా సంగతికి వచ్చే మనిషినైతే నేను నీ తమ్ముణ్ణి ఎందుకవుతాను.

ఫోను చేయొచ్చు కదా అంటావు. ఫోనులో నువ్వు తిన్నావా అని మూడుసార్లు అడిగేసరికి సిగ్నల్ పోతుంది. తిన్నానన్న నా జవాబు ఇక్కడి అడవిలోనే ఎక్కడో తిరుగుతుంటుంది. కాగితం అయితే కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదువుకుంటావు.

కూతురింట్లో ఎన్నాళ్ళుంటావురా, నలుగురూ ఏమనుకుంటారు అని అడిగావు. ఈ ఊళ్ళో నలుగురి రేడియోలూ నా దగ్గరే ఉన్నాయి. అవి చేతికొచ్చేదాకా ఏమీ అనుకోరు. మధిరలో స్టేషన్ రోడ్డు మీద నా రేడియో రిపేరు కొట్టుకు చివరి రెండేళ్ళలో వచ్చినవాళ్ళంతా దారి అడగడానికి వచ్చినవాళ్ళే. బాగుచేయించే ఖర్చుకు చైనాది కొత్తదే తోపుడు బండి మీద దొరుకుతుంటే రేడియో పట్టుకుని ఎవరొస్తారు? ఆ చైనా రేడియో ఒకటి విప్పి చూశానక్కయ్యా. లోపల స్క్రూ కూడా లేదు, అంతా బంక పెట్టి అంటించేశారు. బాగుచేసే మనిషి ఒకడు ఈ లోకంలో ఉంటాడన్న ఊహే దాన్ని చేసినవాడికి రాలేదు.

ఇక్కడ సంగతి వేరు. భద్రాచలం వెళ్ళే దారిలో, పొలాలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉంది ఈ ఊరు. లోపలి గూడేల్లో కరెంటు ఉన్న ఇళ్ళలోనూ అది ఎప్పుడుంటుందో తెలియదు కాబట్టి, మధిరలో చచ్చిపోయిన రేడియోలన్నీ ఇక్కడ బతికే ఉన్నాయి. సంత రోజున పంచాయతీ ఆఫీసు అరుగు మీద గోనెపట్టా పరుచుకుని కూర్చుంటాను. మొన్న ఒకావిడ రేడియోను చంటిబిడ్డలా కొంగులో చుట్టుకుని తెచ్చింది. ఏమైందమ్మా అంటే, "వార్తలు చెప్తది, పాటలు పాడదు" అంది. చూస్తే ముల్లు ఒకేచోట ఇరుక్కుపోయి ఉంది. సవరించి ఇస్తే వెదురు కొమ్ములు ఒక బుట్టెడు పెట్టి వెళ్ళింది. సరళ కూర వండింది. మొదటి ముద్దకు మన నోరు ఒప్పుకోదు, మూడో ముద్దకు ఇంకొంచెం వేయమంటుంది. నా తిండి గురించి నువ్వు బెంగపడకు.

బెంగ నాకు లేదా అంటే ఉంది. రైళ్ళ చప్పుడు లేదు. ఇన్నేళ్ళూ రైళ్ళను బట్టి టైము చెప్పినవాణ్ణి, వచ్చిన కొత్తలో పొద్దు ఎటు పోతోందో తెలిసేది కాదు. ఇప్పుడు కరెంటును బట్టి చెప్తున్నాను. పొద్దున కోత మొదలైతే ఆరు, ఫ్యాను తిరిగితే ఎనిమిది. సాయంత్రం పూట బల్బు నారింజపండు రంగులో ఉంటుంది. దాని కింద ఏమీ కనపడదు గాని, బల్బు ఎక్కడుందో మాత్రం తెలుస్తుంది. కరెంటు పోతే ఊరంతా మా అల్లుణ్ణి తిడుతుంది, వస్తే ఎవరూ ఏమీ అనరు. లైన్‌మన్ ఉద్యోగమంటే అంతేనట.

నేను కూడా ఒక సెల్‌ఫోను కార్డు తీసుకున్నానని చెప్పానా? బస్టాండు దగ్గర ఒక కొట్టు పెట్టారు. కొట్టతను, "లైఫ్‌టైమ్ కార్డు తీసుకో తాతా, జీవితాంతం పని చేస్తది" అన్నాడు. ఎవరి జీవితం బాబూ, నాదా, కంపెనీదా అని అడిగాను. కాసేపు ఆలోచించి, కింద చిన్న అక్షరాలతో ఏదో రాసి ఉందని కాగితం తిప్పి చూపించాడు. ఆ అక్షరాలు ఎంత చిన్నవంటే, రేడియో లోపలి సన్నతీగలు చూసే నా భూతద్దానికి కూడా లొంగలేదు. అయినా తీసుకున్నాను, సరళ కోసం. ఇంట్లో సిగ్నల్ అందేది ఒక్క కిటికీ దగ్గరే. అందుకని ఫోనును గుడ్డసంచిలో వేసి కిటికీ ఊచకు కట్టింది. చిలకపంజరంలా ఉంటుంది, దాని వంక చూడకుండా అటుపక్క ఎవరం నడవం.

దాని వంక ఎందుకు చూస్తామో చెప్పాలంటే రాములు పని చెప్పాలి. స్తంభం ఎక్కే ముందు లైన్‌మన్ సబ్‌స్టేషన్‌కు చెప్పి ఆ లైనుకు కరెంటు తీయించుకుంటాడు. దాన్ని ఎల్‌సీ అంటారు, లైన్ క్లియర్. అక్కడున్న ఆపరేటరు పుస్తకంలో ఫలానా లైను, ఫలానా మనిషి అని రాసుకుంటాడు. ఆ మనిషి పని ముగించి కిందికి దిగి, ఎల్‌సీ తిరిగి ఇస్తున్నానని చెప్పేదాకా స్విచ్చి ముట్టుకోకూడదు. ఒకప్పుడు లైన్‌మన్‌లు సైకిల్ మీద సబ్‌స్టేషన్‌కు వెళ్ళి, పుస్తకంలో సంతకం పెట్టి తీసుకునేవాళ్ళట, పనయ్యాక మళ్ళీ వెళ్ళి సంతకం పెట్టి ఇచ్చేవాళ్ళట. ఇప్పుడు అందరికీ ఫోన్లు వచ్చాయి. పోవడం, రావడం ఎందుకని ఫోనులోనే తీసుకుంటున్నారు, ఫోనులోనే ఇస్తున్నారు.

అంటే, పగలు కరెంటు పోయిందంటే మావాడు స్తంభం మీద ఉన్నట్టు. దిగగానే ఇంటికి రెండు రింగులు ఇచ్చి పెట్టేస్తాడు. మిస్డ్ కాల్‌కు ఖర్చు లేదు కదా. ఆ రెండు రింగులు వినపడేదాకా, కరెంటు వచ్చినా సరే, సరళ మిక్సీ వేయదు, టీవీ పెట్టదు. తను ఇటునుంచి ఫోను చేయదు. ఊళ్ళో అందరూ కరెంటు కోసం చూస్తుంటే, మన పిల్ల రింగు కోసం చూస్తుంటుంది. ఫోను లేనప్పుడు మోపెడ్ చప్పుడు కోసం చూసేదట. పెళ్ళయిన ఆరేళ్ళుగా ఈ ఎదురుచూపే దాని బతుకని ఇక్కడికొచ్చాక గాని నాకు తెలియలేదు.

మావాడికి ఇంకో పద్ధతి ఉంది. ఎల్‌సీ తీసుకున్నాక కూడా నేరుగా ఎక్కడు. పొడుగాటి కర్రతో ఒక గొలుసు తీసుకెళ్ళి తీగలకు తగిలించి, దాని రెండో కొస నేలలో దిగ్గొట్టిన కడ్డీకి బిగిస్తాడు. ఎవరైనా పొరపాటున కరెంటు వదిలినా అది గొలుసు మీదుగా భూమిలోకి దిగి, సబ్‌స్టేషన్‌లో స్విచ్చి దానంతట అదే కొట్టేసి కరెంటు ఆగిపోతుంది. పని చిన్నదైనా పెద్దదైనా గొలుసు వేయాల్సిందే. మిగతావాళ్ళు వేయరు, టైము దండగ అంటారు. ఊళ్ళో ఇతనికి గొలుసు రాములు అని పేరు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నెల కిందట ఒక ఆదివారం ఈ వీధి తీగే తెగింది. సరిగ్గా టీవీలో క్రికెట్ ఆట వచ్చే వేళ, అందరికీ తొందర. అతను గొలుసు మోసుకుపోతుంటే నేను అరుగు మీద నుంచి, ఫోనులో ఎల్‌సీ తీసుకున్నావుగా అల్లుడూ, మళ్ళీ ఈ తతంగం దేనికి అన్నాను. పక్కింటివాళ్ళు నవ్వారు. అతను ఆగి, మెల్లగా చెప్పాడు.

"ఫోన్ల ఉన్నోడు మనిషే కద మామా. గొలుసు మనిషి కాదు."

వేదాంతం చెప్తున్నాడనుకున్నాను.

ఇంకొక సంగతి చెప్తే తప్ప అసలు సంగతి అర్థం కాదు. ఈ రాముడి క్షేత్రం చుట్టుపక్కల ఇంటికొక రాములు ఉంటాడు. సీతారాములు, రామయ్య, ఉత్త రాములు. సంతలో ఒకసారి రాములూ అని మావాణ్ణి కేకేశాను. ఉల్లిపాయలమ్మే అతనితో సహా ఐదుగురు తిరిగి చూశారు, మావాడు తప్ప. అందుకే ఇక్కడ ఎవరికైనా ఒక పని పేరో, మీసాల పేరో తగిలించి పిలుస్తారు. పక్క లైనులో పని చేసే ఇంకో లైన్‌మన్ కూడా రాములే. మీసాల రాములంటారు. మీసాలు ఫోనులో కనపడవు.

పోయిన మంగళవారం జరిగింది చెప్తాను. అంతకుముందు రోజు గాలివాన. అడవి పక్క లైను మీద కొమ్మలు పడ్డాయి. పొద్దున పది దాటాక, సరళ దోసకాయ పచ్చడికి మిరపకాయలు మిక్సీలో వేసి తిప్పుతుంటే మధ్యలో కరెంటు పోయింది. రాములు ఎక్కుతున్నాడు అనుకున్నాం. మిక్సీ స్విచ్చి తీయడం సరళకు గుర్తులేదు. వెళ్ళి వాకిట్లో వాననీళ్ళు చిమ్ముకుంటోంది. నేను కిటికీ కింద కూర్చుని ఒక రేడియో తీగ అతుకుతున్నాను.

ఉన్నట్టుండి వంటింట్లో మిక్సీ గుర్రుమని ఒక్క చుట్టు తిరిగి ఆగిపోయింది. పైన ఫ్యాను రెక్కలు కదలబోయి నిలబడిపోయాయి. అంతే. రెప్ప కొట్టినంతసేపు కరెంటు వచ్చి పోయింది.

మామూలు రోజైతే ఇలాంటివి పట్టించుకోం. కాని రాములు ఎల్‌సీ తీసుకుని ఉన్నప్పుడు కరెంటు రానే కూడదు. వచ్చి, వెంటనే కొట్టేసిందంటే లైను మీద ఏదో తగిలిందన్నమాట. సరళ చీపురు పట్టుకునే లోపలికి వచ్చింది. మిక్సీ వంక చూడలేదు, కిటికీకి కట్టిన సంచి వంక చూసింది. అది మోగలేదు.

ఫోను చెయ్యమ్మా అన్నాను.

"ఇంకా పైన ఉంటే? పైన ఉన్న మనిషికి ఫోను మోగితే చెయ్యి జేబులోకి పోతది నాన్నా."

సబ్‌స్టేషన్‌కు చేసింది, ఎవరితోనో మాట్లాడుతున్నారని వచ్చింది. మళ్ళీ చేసింది, మళ్ళీ అదే. ఇద్దరం పోదాం పద అన్నాను.

"నువ్వు పో. నేను ఇక్కడే ఉంటా. రింగు వస్తే వినడానికి ఎవరన్నా ఉండాలి కదా."

రబ్బరు చెప్పులతో ఆ బురదలో అరమైలు నడిచాను అక్కయ్యా. నా మోకాళ్ళు కూడా నీ మోకాళ్ళకు తోడపుట్టినవే, అయినా ఆ రోజు అవి గుర్తుకు రాలేదు. దారిలో దర్జీ కొట్టతను, "వచ్చినట్టే వచ్చి పాయె, మీ అల్లుడు మాతోని ఆటలాడుతుండా పెద్దాయనా" అన్నాడు. రోజూ అయితే నేను కూడా ఒకటి అంటించేవాణ్ణి. ఆ రోజు ఆగకుండా నడిచాను.

సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు కుమార్ ఒక్కడే ఉన్నాడు. ఖమ్మం నుంచి ఈ మధ్యే కాంట్రాక్టు మీద వచ్చాడు, నలభై ఏళ్ళుంటాయి, ఇద్దరు ఆడపిల్లలు. ఒక చేతిలో ఫోను, ఇంకో చెయ్యి పుస్తకం మీద. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"రాములు దిగిండని రాములే చెప్పిండు పెద్దాయనా."

"ఏ రాములు?"

అతను పుస్తకం నా వైపు తిప్పాడు. ఒకదాని కింద ఒకటి రెండు ఎల్‌సీలు. రెండింటి పక్కనా రాములు అనే ఉంది. కాసేపటి కిందట ఫోను వచ్చిందట. గరగరమంటూ, రాములును మాట్లాడుతున్నా, ఎల్‌సీ రిటన్ అని ఒక ముక్క వినపడి, లైను పేరు చెప్పేచోట సిగ్నల్ తెగిందట. తెగినచోట ఇతను మన లైను పేరు అతికించుకున్నాడు. అది మీసాల రాములు ఫోను. ఇతను స్విచ్చి వేసింది మావాడి లైనుకు. వేసిన మరుక్షణం ధడేల్మని దానంతట అదే కొట్టేసింది. అప్పటినుంచి రాములుకు ఫోను చేస్తూనే ఉన్నాడు, అందుబాటులో లేరని వస్తోంది. అక్కడ ఒక స్తంభం దగ్గర సిగ్నల్ ఉంటుంది, పక్క స్తంభం దగ్గర ఉండదు.

ఇద్దరం ఆ గదిలో నిలబడి ఉన్నాం. గొలుసు వేసి ఉంటాడు, వేసే ఉంటాడు అని నాలో నేను అనుకుంటున్నాను. వెంటనే ఇంకో మాట తోస్తోంది, నేను నలుగురిలో ఎగతాళి చేశాను కదా, ఈ ఒక్క రోజుకు ఎందుకులే అని మానేసి ఉంటే? నీకు రాస్తున్నాను గాని, ఈ మాట సరళకు చెప్పలేదు. చెప్పకు.

అంతలో గేటు దగ్గర మోపెడ్ చప్పుడైంది. నాకు రేడియోల గరగరలన్నీ విడివిడిగా తెలుసు కాని, ఆ మోపెడ్ చప్పుడు కంటే మంచి చప్పుడు ఏ స్టేషన్‌లోనూ వినలేదు. రాములు దిగి వచ్చాడు. చొక్కా చెమటకు తడిసి ఉంది, మనిషి నిదానంగానే ఉన్నాడు. గొలుసు భుజం మీద ఉంది. దాని కొక్కెం కొస కరిగి, చింతగింజంత ముద్ద కట్టి నల్లగా అయింది. కుమార్ ఏదో చెప్పబోయి గోడకు ఆనుకుని కూలబడ్డాడు. రాములు అతని వంక చూసి, "నీళ్ళు తాగినవా?" అన్నాడు. కుండలోంచి గ్లాసు ముంచి తనే ఇచ్చాడు.

తర్వాత పుస్తకం తీసి, తన పేరు పక్కన సంతకం పెట్టాడు. "నా పని ఇంక అయిపోలే. నేను మళ్ళ ఇక్కడికొచ్చి నిలబడి చెప్పేదాక ఎయ్యకు" అని చెప్పి, ఇంకో గొలుసు తీసుకుని మళ్ళీ అదే స్తంభం దగ్గరికి వెళ్ళిపోయాడు. పోతూ నాతో, సరళకు రింగిచ్చిన మామా, రోడ్డు మీదికొచ్చినంక టవర్ అందింది అన్నాడు. అతను ఆ ఆదివారం సంగతి గుర్తుచేయలేదు. అంత మర్యాద మన వంశంలో ఎవరికీ లేదక్కయ్యా.

ఇంటికొచ్చేసరికి సరళ కిటికీ దగ్గరే గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. రింగు వచ్చింది నాన్నా అని ఒక్క మాట అంది. మధ్యాహ్నం కరెంటు వచ్చింది, మిక్సీ వేయలేదు. మిరపకాయలు తీసి రోట్లో నూరింది. మర్నాడూ రోలే, ఆ మర్నాడూ రోలే. మిక్సీ చెడిపోయిందేమోనని విప్పి చూశాను, అది నిక్షేపంలా ఉంది. నోరుమూసుకుని మళ్ళీ బిగించాను.

భోజనాల దగ్గర మొగుడితో, మీటరు రీడింగు పనికి మారిపొమ్మంది. ఏడవలేదు, బతిమాలలేదు, కూర వడ్డిస్తూ చెప్పింది. అతను చాలాసేపు అన్నం కలుపుతూనే ఉండి, "నేను దిగితే ఇంకో రాములు ఎక్కుతడు. ఆయనకు గూడ ఇల్లుంది" అన్నాడు. ఇద్దరిదీ న్యాయమే, మధ్యలో నేను మజ్జిగ పోసుకుంటున్నాను.

గురువారం కుమార్ వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. లోపలికి రాడు. సరళ తనే పిలిచి కూర్చోబెట్టి టీ ఇచ్చింది. గ్లాసు చేతిలో పెట్టుకుని, "పేరు అడుగుతనే ఉన్న సరళక్కా. పేరుతోని ఏం తెలుస్తది ఈ ఊర్ల" అన్నాడు.

ఆ మాట దగ్గర నాకు బావ గుర్తొచ్చాడు.

నీకు తెలియని కథ కాదు, అయినా నా వైపు నుంచి నువ్వెప్పుడూ వినలేదు. స్టేషన్ పక్కన బావ సైకిల్ స్టాండు. ఒక్కో నంబరుకు రెండు ఇత్తడి బిళ్ళలు, ఒకటి సైకిల్ హ్యాండిల్‌కు, ఒకటి మనిషి చేతికి. ఆ రోజు నేను విజయవాడలో రేడియో సామాన్లు కొనుక్కుని రైలు దిగాను. జేబులో బిళ్ళ లేదు. అదిగో నా సైకిల్, ఇదిగో నేను, నీ పెళ్ళాం తమ్ముణ్ణి అన్నాను. బావ బల్ల మీద నుంచి లేవలేదు. "బావమరిదివని నాకు తెలుసు. బిళ్ళకు తెలియదు" అన్నాడు. నలుగురి ముందు. సామాన్లు నెత్తిన పెట్టుకుని ఇంటికి నడిచాను. మర్నాడు ఇద్దరు సాక్షులను తీసుకొస్తే, పుస్తకంలో సంతకం పెట్టించుకుని సైకిల్ ఇచ్చాడు. రెండేళ్ళు మీ గడప తొక్కలేదు. నీ కూతురి ఓణీల ఫంక్షన్‌కు కూడా రాలేదు. నువ్వెంత ఏడ్చావో తర్వాత అమ్మ చెప్పింది.

మొహం చూసి సైకిల్ ఇచ్చేసే మనిషైతే, ఇంకోనాడు ఇంకో మొహం చూసి ఇంకొకరి సైకిల్ ఇచ్చేస్తాడు. ఇంత చిన్న సంగతి నాకు ఎక్కడానికి ముప్పై ఏళ్ళు పట్టింది, ఒక గొలుసు కాలిపోవాల్సి వచ్చింది.

కుమార్‌తో, రాములుతో కూర్చుని ఇలా అనుకున్నాం. ఒక్కో లైన్‌మన్‌కు ఒక నంబరు, రెండు బిళ్ళలు. ఒకటి అతని జేబులో, ఒకటి సబ్‌స్టేషన్‌లో. ఎల్‌సీ ఇచ్చినప్పుడు కుమార్ ఆ నంబరు బిళ్ళను ఆ లైను స్విచ్చి పిడికి వేలాడదీస్తాడు. దిగినవాడు పేరు చెప్పడు, నంబరు చెప్తాడు. నంబరూ, లైనూ రెండూ స్పష్టంగా వినపడకపోతే చెప్పనట్టే లెక్క. పిడి మీద చెయ్యి వేయాలంటే ముందు బిళ్ళ అడ్డం వస్తుంది, దాని మీద నంబరు చూడకుండా తీయలేడు. ఇంజనీరుగారిని అడిగాం. పైనుంచి పద్ధతి ప్రకారం కాగితం రావాలి, వచ్చేలోపు మీరు కట్టుకుంటే నేను వద్దననులే అన్నాడు, మంచి మనిషి. ఎల్‌సీ, గొలుసు ఎలాగూ ఉంటాయి. ఇది వాటికి తోడు. ఇకనుంచి మీసాల రాములు కూడా గొలుసు వేస్తానన్నాడు, ఆ గొంతు తనదే కాబట్టి అతనికీ నిద్ర పట్టడం లేదట.

ఇప్పుడు అట్ట ముక్కలు కత్తిరించి వేలాడదీశాం. ఈ తేమకు రెండు రోజుల్లో అప్పడాల్లా ఉబ్బిపోయాయి, నంబర్లు కారిపోతున్నాయి. అందుకని అడుగుతున్నాను. స్టాండు మూసేసినప్పుడు బావ ఆ ఇత్తడి బిళ్ళలన్నీ తీగకు గుచ్చి రేకు పెట్టెలో పెట్టాడని చెప్పావు. అందులో పది జతలు పంపగలవా? పోస్టులో పార్సిల్ చేయించు. ఖాళీ ఉంటే నువ్వులపొడి కూడా ఒక పొట్లం కట్టు, ఇక్కడ దొరికేది మన పొడిలా ఉండదు.

ఆ బిళ్ళల్లో పదిహేడో నంబరు ఒంటరిగా ఉండాలి. దాని జత నేను పోగొట్టానని, బావ కొత్తది కొట్టించకుండా, పదహారు తర్వాత పద్దెనిమిదే ఇచ్చేవాడట కదా చివరిదాకా. ముందు దాన్ని వెతుకు.

ఎందుకంటే ఆ బిళ్ళ పోలేదక్కయ్యా. మూడోనాడు రేడియో సామాన్ల డబ్బా అడుగున దొరికింది. తెచ్చి ఇస్తే బావ గెలిచినట్టవుతుందని దాచాను. కొట్టు మారినా, ఊరు మారినా దాన్ని పారేయలేకపోయాను, సామాన్లతో పాటు ఇక్కడికీ వచ్చింది. బావ పోయిన రోజు జేబులో వేసుకునే వచ్చాను. ఆయన దగ్గర పెడదామనుకున్నాను, జనం ఉన్నారని ఊరుకున్నాను. నిన్న చింతపండు పెట్టి తోమి రాములు జేబులో వేశాను. ఎవరిది మామా అని అడిగాడు. నా సైకిల్‌ది అన్నాను. నవ్వి బొత్తాం పెట్టుకున్నాడు.

బావ ఫోటో ముందు నిలబడి చెప్పు. పదిహేడో నంబరు దొరికిందట, సైకిల్ మాత్రం ఇక అడగడట అని. ఆయన వట్టి మాట నమ్మే మనిషి కాదు. దాని జత చూపించే చెప్పు, చూపించి జల్దీ పంపు.

మీ వీధిలో పెద్దలందరికీ నా నమస్కారాలు. మాత్రలు వేళకు వేసుకో. నన్ను క్షమించానని ఉత్తరంలో రాయకు, చదివితే సిగ్గేస్తుంది. పార్సిల్ మీద అడ్రసు నీ చేత్తో రాస్తే అర్థం చేసుకుంటాను. నీ ఆశీర్వాదం ముందు స్తంభాలెక్కే వాడికి, తర్వాత కిటికీ దగ్గర కూర్చునే పిల్లకు, మిగిలితే నాకు.

నీ తమ్ముడు
వెంకటేశ్వర్లు

కవరు అంటించబోతూ రాస్తున్నాను. ఇందాక కరెంటు పోయింది, ఇప్పుడే వచ్చింది. కిటికీలో ఫోను రెండుసార్లు మోగి ఆగింది. సరళ లోపల మిక్సీ వేసింది. ఆ మంగళవారం నుంచి రోలు పట్టుకున్న పిల్ల, ఇవాళ్టికి ఆరో రోజు. ఈ చప్పుడులో ఇంకేమీ రాయలేను, ఉంటాను.